పుట్టుకే క్వాలిఫికేషన్ (బడి బయట పాఠాలు – 9)



ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "సార్, బయటి దేశాల్లో ఇంగ్లీషు చెప్పాలంటే ఏం క్వాలిఫికేషన్ కావాలి?" తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి పట్టుకుని ఈ ప్రశ్న అడగడం విడ్డూరమే. కానీ డల్లాస్‌లో బాబాయి, సిడ్నీలో మేనమామ ఉన్న పిల్లలు వాళ్ళను అడుగుతారు. వాడలోంచి వచ్చిన పిల్లలకు కాలేజీలో చనువున్న సారే దిక్కు. అందుకని కూర్చుని ఒక్కో దేశం రూల్సు చదివాను. చదివేకొద్దీ ఇది మనకు బాగా తెలిసిన పాఠమే అనిపించింది.

దక్షిణ కొరియాతో మొదలుపెడతాను. అక్కడ భాష చెప్పే టీచర్లకు ఇచ్చే వీసా పేరు ఈ-2. డిగ్రీ ఉండాలి, దాని మీద అపోస్టిల్ ముద్ర ఉండాలి, పోలీసు రికార్డు శుభ్రంగా ఉండాలి. ఇవన్నీ మనం తెచ్చుకోగలిగినవే. అయితే వీటన్నిటికంటే ముందు ఇంకొకటి చూస్తారు. ఇంగ్లీషు చెప్పాలంటే పాస్‌పోర్టు ఏడు దేశాల్లో ఒకదానిది కావాలి: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఆ పాస్‌పోర్టు ఉంటే డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉన్నా నడుస్తుంది. జియాలజీ చదివినా సరే.

మనకు పక్కగా ఒక చిన్న తలుపు ఉంది. 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఆర్థిక ఒప్పందం కింద, ఇంగ్లీషులో డిగ్రీ, టీచింగ్ అర్హత రెండూ ఉన్న భారతీయులు అక్కడి ప్రభుత్వ బడుల్లో అసిస్టెంట్ టీచర్లుగా వెళ్ళే వీలుంది. లెక్క చూశారా? ఒహాయోలో పుట్టినవాడికి జియాలజీ చాలు. నల్గొండలో పుట్టినదానికి ఇంగ్లీషు డిగ్రీ కావాలి, బి.ఎడ్. కూడా కావాలి. మార్కులు ఎక్కువ తెచ్చుకుంటేనే మనకు సగం తలుపు తీస్తారు. ఈ అనుభవం మనకు కొత్తదా?

ఏడు దేశాల జాబితాలో దక్షిణాఫ్రికా ఎందుకుందో కాసేపు ఆలోచించండి. ఆ దేశంలో పదిమందిలో ఒకరికి కూడా ఇంట్లో మాట్లాడే భాష ఇంగ్లీషు కాదు. జూలూ, షోసా, ఆఫ్రికాన్స్ ఇంటి భాషలుగా ఉన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళను బడి చదువు ఇంగ్లీషులో సాగిందని రుజువు తెమ్మంటారు, తెచ్చినవాళ్ళను రానిస్తారు. మంచిదే, నాకు సంతోషమే. కానీ అదే రుజువు మనవాళ్ళు తీసుకెళ్ళి చూపిస్తే అడిగే నాథుడు లేడు. అంటే ఇంటి భాష ఏదన్నది అసలు సంగతి కాదు. ఏ జాబితాలో పుట్టావన్నదే సంగతి.

చైనా ఇంకో అడుగు ముందుకు వేసింది. భాషా టీచర్ సాధారణంగా తన మాతృభాషనే చెప్పాలి, డిగ్రీ కూడా ఆ మాతృభాష దేశంలోనే తీసుకుని ఉండాలి అని 2017 నుంచి నడుస్తున్న వర్క్ పర్మిట్ పద్ధతిలో పెట్టుకుంది. బ్రిటన్ సంగతి చెప్పనే అక్కరలేదు. వీసా కోసం ఇంగ్లీషు పరీక్ష రాయనక్కరలేని దేశాల పట్టిక ఒకటి ఉంది. అందులో జమైకా ఉంది, మాల్టా ఉంది. మన దేశం లేదు. మన రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు పని నడిచేదే ఇంగ్లీషులో. అక్కడ వాదించే లాయరు కూడా లండన్ ఉద్యోగానికి పోవాలంటే తనకు ఇంగ్లీషు వచ్చని రుజువు చూపాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. రెండేళ్ళలో మనం భాష మరిచిపోతామని కాబోలు. ఫీజు 17 వేల పైమాటే. గెస్ట్ లెక్చరర్‌గా నెట్టుకొస్తున్న పిల్లలకు అది ఎంత బరువో వాళ్ళను అడగండి.

దీనికంతటికీ పెట్టుకున్న ముద్దుపేరు నేటివ్ స్పీకర్. వినడానికి ఏదో భాషాశాస్త్రం మాటలా ఉంటుంది. క్వాలిఫికేషన్ అంటే చదివి, కష్టపడి సంపాదించేది కదా. నేటివ్ స్పీకర్ అన్నది ఎంత కష్టపడ్డా సంపాదించలేం. ఎక్కడ పుట్టావు, ఎవరికి పుట్టావు అన్నదాన్ని బట్టి వస్తుంది. పోగొట్టుకుందామన్నా పోదు. పూజారి మంత్రం తప్పు చదివినా పూజారే. మనం తప్పు లేకుండా చదివినా గడప ఇవతలే. బాబాసాహెబ్ కొలంబియా నుంచి డిగ్రీ మోసుకొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఆ డిగ్రీ ఎవరికీ కనపడలేదు, పుట్టుక మాత్రం ఊరందరికీ కనపడింది.

ఈ ఆలోచన ఎక్కడ గట్టిపడిందో రికార్డులో ఉంది. ఇంగ్లీషును రెండో భాషగా ఎలా చెప్పాలన్నదాని మీద 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్‌వెల్త్ దేశాల సమావేశం జరిగింది. ఆదర్శ టీచర్ అంటే నేటివ్ స్పీకరే అన్న నమ్మకం ఆ సమావేశం నుంచి బలంగా బయటికి వచ్చిందనీ, అది ఒట్టి భ్రమ అనీ రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో 'లింగ్విస్టిక్ ఇంపీరియలిజం' అనే పుస్తకంలో వాదించాడు. ఉగాండాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962లో. తెల్లవాళ్ళు ఒక్కో దేశంలో కుర్చీ ఖాళీ చేస్తున్న సంవత్సరాలవి. పాలించే ఉద్యోగాలు పోతుంటే పాఠం చెప్పే ఉద్యోగాలనైనా పట్టి ఉంచుకోవాలి కదా.

బ్రజ్ కచ్రు 1985లో ప్రపంచ ఇంగ్లీషును మూడు వలయాలుగా గీశాడు. లోపలి వలయంలో బ్రిటన్, అమెరికా వగైరా. దాని బయట మనం, నైజీరియా, సింగపూర్ లాంటివాళ్ళం. ఇంకా బయట చైనా, జపాన్, కొరియా. కచ్రు ఆ బొమ్మ గీసిందే బయటి వలయంవాళ్ళ ఇంగ్లీషుకు గౌరవం తేవడానికి, అది ఒప్పుకోవాలి. కానీ ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లలు నోట్సులో ఆ బొమ్మ చూపించినప్పుడు నాకు కనిపించింది మా ఊరి పటం. నడుమ ఊరు, అవతల వాడ. మంచినీళ్ళ బాయి ఊళ్ళో ఉంటుంది.

ఇక్కడిదాకా చదివి తల ఊపుతున్న సవర్ణ మిత్రులు కొంచెం ఆగాలి. నేటివ్ స్పీకర్ వివక్ష మీద మన దేశంవాళ్ళు రాసినవి చాలా చదివాను. ఎక్కువ భాగం ఒకటే వాదన. మేం నర్సరీ నుంచి కాన్వెంటులో చదివాం, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతాం, కలలు కూడా ఇంగ్లీషులోనే కంటాం, కాబట్టి మేమూ నేటివ్ స్పీకర్లమే, మమ్మల్ని ఎలా ఆపుతారు అని. కోపం నిజమైనదే. పుట్టుక పేరు చెప్పి మొహం మీద తలుపు వేస్తే ఎవరికైనా మండుతుంది. ఆ మంట జీవితంలో మొదటిసారి తెలిసినవాళ్ళు కొంచెం గట్టిగా అరుస్తారు, దాన్నీ అర్థం చేసుకుందాం. కానీ ఆ వాదన అడుగుతున్నదేమిటి? గడప తీసెయ్యమని ఎక్కడా అడగదు. గడపను రెండడుగులు ఇవతలికి జరిపి తమను లోపల వేసుకోమంటుంది. కాలేజీలో మనోళ్ళు 'స్కూల్'ను 'ఇస్కూల్' అంటే బెంచీల మీద పడి నవ్వినవాళ్ళు కూడా ఈ వాదన చేస్తున్నారు.

అలా జరిపిన గడప ఎలా ఉంటుందో జపాన్‌లో చూడొచ్చు.

జపాన్ బడుల్లో విదేశీ భాష చెప్పేవాళ్ళకు ఇన్‌స్ట్రక్టర్ అనే వీసా ఉంది. పాస్‌పోర్టు ఏ ఏడు దేశాలదో కావాలని అందులో లేదు. డిగ్రీతో పాటు, ఏ భాష చెప్పబోతున్నారో ఆ భాష మాధ్యమంలో కనీసం 12 ఏళ్ళు చదివి ఉండాలి. పుట్టుక గురించి ఒక్క ముక్క లేదు. రూలు అందరికీ ఒకటే. కొరియా కంటే ఎంత నయం అనిపిస్తుంది.

మా దగ్గర చదివిన ఒక మాదిగ అమ్మాయి ఈ 12 ఏళ్ళ లెక్క నా ముందే కూర్చుని వేసింది. ఒకటి నుంచి ఐదు మండల పరిషత్ బడి, ఆరు నుంచి పది జిల్లా పరిషత్ హైస్కూలు. అంతా తెలుగు మీడియం కాబట్టి సున్నా. ఇంటర్ గురుకుల కాలేజీలో ఇంగ్లీషు మీడియం, 2. డిగ్రీ 3. ఎం.ఏ. 2. బి.ఎడ్. 2. మొత్తం 9. ఇంకో మూడేళ్ళు తక్కువ. "సార్, పీహెచ్‌డీ చేస్తే నిండుతాయా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. ఆమె క్లాసులోనే ఉండి, ఆమె కంటే తక్కువ మార్కులతో ఎం.ఏ. గట్టెక్కిన ప్రైవేటు బడి పిల్లాడికి ఇంటర్ అయ్యేనాటికే పన్నెండూ నిండిపోయాయి. ఎల్‌కేజీ, యూకేజీ లెక్కలోకి తీసుకోకుండానే.

ఆ రూలు రాసిన జపాన్ అధికారికి మాల అంటే ఏమిటో, మాదిగ అంటే ఏమిటో తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఎవరు ఏ బడికి పోవాలో ఇక్కడ మనం ముందే తేల్చి పెట్టాం, అక్కడ దాన్ని కూడి చూసుకుంటే చాలు. కుల వివక్ష సముద్రం దాటడానికి కులం పేరు అక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్‌లో మీడియం అన్న గడి ఉంటే సరిపోతుంది.

అందుకే మీడియం చర్చను సంస్కృతి చర్చగా మాత్రమే నడిపేవాళ్ళతో నాకు పేచీ. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో మొదలైంది. ఆ రోజుల్లో తెలుగు చచ్చిపోతుందని కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దల పిల్లలు, మనవలు ఏ మీడియంలో చదివారో అందరికీ తెలుసు. మాతృభాషలో మొదలైన చదువు పిల్లలకు బాగా అబ్బుతుందన్న మాటలో పస లేదని నేను అనను. నా జీతం తెలుగు పెట్టిన అన్నమే. కానీ తెలుగును కాపాడే బరువు వాడ పిల్లలే మోయాలని ఎవరు పంచారు? సావిత్రిబాయి ఫూలే 1854 నాటికే ఇంగ్లీషు నేర్చుకొమ్మని మరాఠీలో కవితలు కట్టింది. మరాఠీ మీద ప్రేమ లేక రాసిందా? మరాఠీలోనే కదా రాసింది.

ఇంతకీ భాష చెప్పడానికి నిజంగా ఏం కావాలి? ఈ విషయంలో తెలుగు మాస్టారుగా నాకు మాట్లాడే హక్కు ఉందనుకుంటాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైనే. అందరూ నేటివ్ స్పీకర్లే. "నేను అన్నం తిన్నాను" అంటాం, "నాకు ఆకలి వేసింది" అంటాం. మొదటిదాంట్లో నేను, రెండోదాంట్లో నాకు. ఎందుకు మారింది? రోడ్డు మీద పదిమందిని ఆపి అడగండి. వాడటం అందరికీ వచ్చు, చెప్పడం రాదు. బెంగాలీ అమ్మాయికో జర్మన్ అబ్బాయికో ఈ తేడా చెప్పాలంటే అది తేడా అని ముందు మనకు కనపడాలి. పుట్టుకతో వచ్చినవాడికి కనపడనిది కష్టపడి నేర్చుకున్నవాడికి కనపడుతుంది. తాను ఎక్కడ తడబడ్డాడో వాడికి గుర్తుంటుంది కాబట్టి పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుంది.

తెలుగువాళ్ళు దండలు వేసే సి.పి.బ్రౌన్ ఎవరు? కలకత్తాలో పుట్టిన తెల్లదొర. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాక కదా తెలుగు వంటబట్టించుకుంది. వేమన పద్యాలు వెతికి 1829లో అచ్చు వేయించాడు, ఆ తర్వాత నిఘంటువు కట్టాడు. తెలుగు మీడియంలో 12 ఏళ్ళు చదివిన సర్టిఫికెట్ ఆయన దగ్గర లేదు. ఇప్పుడు మన యూనివర్సిటీల్లో ఎవరూ ఆయన్ని నాన్-నేటివ్ అనరు. అదే మా పిల్లలు పరాయి భాషను అంత బాగా నేర్చుకుంటే మాత్రం యాస వినపడుతుంది అంటారు. యాస సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, నేను తెలుగు ఎం.ఏ.లో చేరినప్పుడు నా తెలుగులోనే యాస వినపడింది మా పెద్దలకు. మా అమ్మ మాట్లాడే తెలుగు మాండలికం అట, వాళ్ళ అమ్మ మాట్లాడేది భాష అట. సొంత భాషలోనే నేటివ్ కాలేకపోయిన చరిత్ర మనది.

సర్టిఫికెట్ల సంగతి. టెఫెల్ అనే మాట మీ ఫోన్లలో ప్రకటనలుగా రోజూ కనిపిస్తుంది. ముందు ఒకటి తెలుసుకోండి, టెఫెల్ అనేది ఒక యూనివర్సిటీ కాదు, ఒక బోర్డు కాదు. విదేశీయులకు ఇంగ్లీషు చెప్పడం అన్న పనికి పేరు అది. దాని మీద ప్రపంచం మొత్తానికి ఒక అధికార సంస్థ లేదు. ఎవరైనా 120 గంటలు అని రాసి సర్టిఫికెట్ అమ్ముకోవచ్చు, అమ్ముతున్నారు కూడా. కొన్నిటిలో మీరు ఒక్క విద్యార్థి మొహం కూడా చూడరు. వీటికి డబ్బు కట్టే ముందు మీరు వెళ్ళాలనుకునే దేశం వాటిని లెక్కలోకి తీసుకుంటుందా, మీ పాస్‌పోర్టుకు అసలు వీసా ఇస్తుందా చూసుకోండి. ఏజెంటు ముందు సర్టిఫికెట్ అమ్ముతాడు, వీసా మాట తర్వాత ఎత్తుతాడు. మీరు వరస తిప్పి అడగండి.

గట్టిది కావాలంటే కేంబ్రిడ్జ్‌వాళ్ళ సెల్టా. కనీసం 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తారు. పూర్తి సమయం చేస్తే నాలుగైదు వారాల్లో అయిపోతుంది. ఖర్చు లక్ష దాటుతుంది. ఇప్పుడు మన బి.ఎడ్. చూడండి. 2014 ఎన్‌సీటీఈ నిబంధనల తర్వాత రెండేళ్ళ కోర్సు. బడిలో ఇంటర్న్‌షిప్పే 16 వారాలు. అయినా చాలా దేశాల ప్రైవేటు భాషా సంస్థలు సెల్టా అంటే లేచి కూర్చుంటాయి, బి.ఎడ్. అంటే అదేమిటని అడుగుతాయి. తప్పు వాళ్ళొక్కరిదే అనను. 16 వారాల ఇంటర్న్‌షిప్‌ను రికార్డు బుక్కుల్లో మాత్రమే పూర్తి చేయించి సంతకాలు పెట్టే కాలేజీలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు, మీకూ తెలుసు. బి.ఎడ్. విలువ తీసింది ముందు మనమే.

హైదరాబాదులో ఒక వింత ఉంది, దాన్ని ఎవరూ వింతగా చూడరు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ మన తార్నాక దగ్గరే ఉంది. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి ఉద్యోగులు, టీచర్లు భారత ప్రభుత్వ ఖర్చు మీద అక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుని పోతారు. వియత్నాం, లావోస్, కంబోడియాల్లో ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు పెట్టడంలో కూడా ఆ సంస్థ చెయ్యి ఉంది. అంటే ప్రభుత్వాలు ప్రభుత్వాలతో మాట్లాడుకునేటప్పుడు మన ఇంగ్లీషు పనికొస్తుంది. మనిషి ఉద్యోగం అడిగినప్పుడు పనికిరాదు. మరి మన విదేశాంగ శాఖ ఒప్పందాలు రాసుకునేటప్పుడు ఐటీ ఇంజనీర్ల వీసాల కోసం పట్టుబట్టినట్టు టీచర్ల కోసం ఎందుకు పట్టుబట్టదు? కొరియా ఒప్పందంలో ఒక్క పక్క తలుపు తెరవగలిగారంటే అడిగితే వస్తుందనే కదా. ఐటీ కోసం ఎవరి పిల్లలు వెళతారో, బి.ఎడ్. ఎవరి పిల్లలు చేస్తారో చూస్తే జవాబు దొరుకుతుంది.

తలుపులన్నీ మూసి ఉన్నాయని చెప్పి మిమ్మల్ని నిరుత్సాహపెట్టను. మనవాళ్ళు పోతూనే ఉన్నారు. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచి భారతీయ టీచర్లు పాఠాలు చెప్పారు, 2000 తర్వాత అక్కడి కొత్త యూనివర్సిటీల్లోకి మన తెలుగు లెక్చరర్లు బాగానే వెళ్ళారు. మాల్దీవుల బడుల్లో విదేశీ టీచర్లంటే ఎక్కువమంది మన దేశంవాళ్ళే. గల్ఫ్‌లో సీబీఎస్ఈ సిలబస్ నడిపే బడులు చాలా ఉన్నాయి, వాటికి కావాల్సింది సరిగ్గా మన పీజీ, బి.ఎడ్., రెండు మూడేళ్ళ అనుభవం. థాయ్‌లాండ్ మనలాంటివాళ్ళను డిగ్రీతో పాటు ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతుంది. అయితే అక్కడ ఒకే బడిలో ఒకే పని చేసే ఫిలిప్పీన్స్ టీచరుకు తెల్ల టీచరు కంటే తక్కువ జీతం ఇవ్వడం మామూలు సంగతి. వెళ్ళేవాళ్ళు అది తెలిసి వెళ్ళండి. రూల్సు మారుతుంటాయి కాబట్టి నా పోస్టు చూసి కాకుండా ఆ దేశం ఎంబసీ సైటు చూసి డబ్బు కట్టండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తారు. మంచి పథకం, ఎందరో మన పిల్లలు దానితో పోయారు. కానీ అది విదేశంలో చదవడానికే. పీజీ ఇక్కడే చేసి, పని కోసం పోవాలనుకునే టీచరుకు సెల్టా ఫీజుకో, ఐఈఎల్‌టీఎస్ ఫీజుకో ఒక్క రూపాయి దారి లేదు. 20 లక్షలు అడగడం లేదు, రెండు లక్షల సంగతి. టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వానికే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది. జర్మనీకి, జపాన్‌కు నర్సులను భాష నేర్పించి మరీ పంపుతోంది. టీచర్లకు అదే పని చేయమనండి. ఇఫ్లూ పక్కనే ఉంది. ఒక బ్యాచ్‌కు నాలుగు వారాలు పాఠం చెప్పించి, చూసి, సర్టిఫికెట్ ఇచ్చి, ఆ సర్టిఫికెట్‌ను గుర్తించమని జపాన్‌తో మాట్లాడమనండి. ఏ మీడియంలో ఎన్నేళ్ళు చదివావని అడిగే బదులు క్లాసులో నిలబెట్టి చూడమని మనం అడుగుతున్నాం. మా అమ్మాయిని 40 మంది పిల్లల ముందు నిలబెట్టండి, ఆ 9 ఏళ్ళు 12 కంటే ఎక్కువో తక్కువో మీరే చూసుకోండి.

ఇక మీరు ఈ వారమే చేయాల్సిన పనులు. టెన్త్ మెమో, ఇంటర్, డిగ్రీ, పీజీ, పాస్‌పోర్టు అన్నీ పక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన పేర్లు ఒకటో తరగతిలో ఎవరో విసుగ్గా రాసినవి. ఇంట్లో, చర్చిలో ఒక పేరు, రిజిస్టర్లో ఇంకో పేరు ఉన్నవాళ్ళు మనలో చాలామంది. ఎందుకలా జరిగిందో మనకు తెలుసు, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మీద వేరే భాగం రాస్తాను. వీసా ఆఫీసరుకు ఆ చరిత్ర అక్కర్లేదు, ఒక్క అక్షరం తేడా చాలు పక్కన పెట్టడానికి. డిగ్రీ ఒరిజినల్ కాన్వొకేషన్ తీసుకోనివాళ్ళు అప్లై చేయండి, ప్రొవిజినల్ మీద పని జరగదు. అటెస్టేషన్‌కు ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో ముద్ర పడాలి. హేగ్ ఒప్పందంలో ఉన్న కొరియా, జపాన్ లాంటి దేశాలకు అపోస్టిల్ చాలు. యూఏఈకి అయితే వాళ్ళ ఎంబసీ ముద్ర కూడా కావాలి. చదివిన ప్రతి బడి నుంచీ మీడియం ఏదో రాయించిన బోనఫైడ్ తెచ్చిపెట్టుకోండి. ఊళ్ళో బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్ళి రికార్డు ఎక్కడికి పోయిందో కనుక్కోండి.

చివరిది, అన్నిటికంటే పెద్దది. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఇవ్వలేదని కాలేజీలు మన ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాయి. బాకీ ప్రభుత్వానిది, తాకట్టు మన పిల్లల చదువు. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్ లేకుండా అపోస్టిల్ లేదు, అపోస్టిల్ లేకుండా ఏ దేశమూ లేదు. మీ సర్టిఫికెట్లు ఇలా ఆపి ఉంటే ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఎంత కట్టమంటున్నారు, రాతపూర్వకంగా అడిగారా లేదా, ఈ నాలుగు ముక్కలు నాకు మెసేజ్ పెట్టండి. మీ పేరు, కాలేజీ పేరు బయట పెట్టను. పాతిక కేసులు జమ కాగానే ఒక సోమవారం ప్రజావాణికి కలెక్టరేట్‌లో కలుద్దాం. అర్జీ నేను రాసి తెస్తాను, తెలుగులోనే.